మిషను చప్పుడు

"మేరీ! మిషనాపీ. పెట్టెలో గుయ్యిమంటంది!"

ముందుగదిలోంచి బెన్‌హర్ అరిచాడు. లూర్దు మేరీ పెడల్ మీంచి కాలు తీసేసింది. మొగుడి మాట పూర్తికాకముందే తీసేయడం అలవాటైపోయింది ఆమెకి. చర్చి క్వాయర్ పిల్లల ఈస్టరు జాకెట్లు సాయంత్రానికల్లా ఇస్తానని మాటిచ్చింది కాబట్టే ఆదివారమైనా మిషను వేసింది. ఇంకా చేతులు అతకనే లేదు.

ఆయనగారి సంగీతమంటే మాటలా మరి! పాటని సన్నగా అందుకుని సర్దే ప్రీయాంప్ ఒకటి, దాన్ని స్పీకర్లు అదిరేలా పెంచే పవర్ యాంప్ ఒకటి. రెండు పెట్టెల్నీ వేరువేరు చోట్ల కొని పక్కపక్కన కూర్చోబెట్టాడు. వాటి దుమ్ము తుడిచేది మేరీ. గుండీ మాత్రం ముట్టుకోకూడదు. "నీకు సెవి లేదే" అంటాడు, చర్చిలో ఇన్నేళ్లుగా పాడుతున్న మనిషిని పట్టుకుని! ఆదివారం పూజ నుంచి రాగానే ఆయన వినడానికి కూర్చుంటే, అనకాపల్లి ఎండల్లో కూడా ఫ్యాను ఆగాలి, మిక్సీ ఆగాలి, అన్నిటికన్నా ముందు ఆమె కుట్టుమిషను మోటారు ఆగాలి. పెట్టెల్లో గుయ్యిమనే ఆ రొద దానివల్లేనని ఎప్పుడో తేల్చేశాడు. మోటారు తీసేసి కాలితో తొక్కితే "ఆ టకటకేటే?" అన్నాడు. అప్పట్నుంచీ ఆదివారాలు వంటింటి గుమ్మంలో కూర్చుని చేత్తో హెమ్మింగ్ చేసుకుంటోంది. ఇంట్లో గొడవెందుకని సర్దుకుంది. వచ్చినవాళ్లతో "నా మిషను వల్లేనండి" అని తనే సంజాయిషీ కూడా చెప్పుకునేది.

ఆరోజూ మిషను ఆపి ఆమె గుమ్మంలోకి చేరేసరికి, ఆమెకి తమ్ముడి వరసైన తిమోతి వచ్చాడు, పెట్టెలు బాగుచేయడానికి.

"మోటారాగిపోయింది కదా బావా, ఇంకా మోగుతోందేటి?"

రెండు పెట్టెల్నీ కలిపే తీగ ఊడదీశాడు. రొద ఆగింది. మళ్లీ పెట్టాడు. మొదలైంది.

"నీ ప్రీ మరీ ఎక్కువ ఇచ్చేత్తంది. ఈ పవరేమో కొంచేనికే రేగిపోద్ది. రెండిటికీ జత కుదర్లేదు బావా, అందుకే లోపలి రొద కూడా పాటతోపాటు పెరిగి వత్తంది." సంచిలోంచి జోరు తగ్గించే ముక్కొకటి తీసి మధ్యలో బిగించాడు. గది నిశ్శబ్దమైంది. "అక్క మిషను పాపం ఏం సేసింది!"

మేరీ చేతిలో సూది ఆగిపోయింది. ఒళ్లు మండిపోయింది ఆమెకి. చేయని తప్పుకి ఇన్ని ఆదివారాలు! మెడ పట్టేసేలా ఎన్ని అంచులు కుట్టింది, ఆలస్యమైందని ఎందరితో మాటపడింది! అంతకన్నా కోపం తనమీదే వచ్చింది. మోటారు ఆపాక రొద పోయిందో లేదో ఒక్కసారైనా చెవి పెట్టి విన్నదా తను? నమ్మేసింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని గుమ్మంలోంచే మొగుడి వైపు చూసింది.

బెన్‌హర్ నవ్వాడు. "పోన్లే, ఎలాగూ పాటినేటప్పుడు మిషనాగితేనే బాగుంటది. మేరీ, టీ ఎట్టు."

మేరీ లేచింది. పొయ్యి వైపు వెళ్లలేదు. నేరుగా వెళ్లి మిషను ముందు కూర్చుని స్విచ్చి వేసింది.

"సెప్పేను కదా, ఆపీ!"

"ఆపను" అంది, తెల్లగుడ్డ సూది కిందికి తోస్తూ. "టీ మీరే ఎట్టండి. పాట వినబడకపోతే, కుర్చీ ఆ స్పీకరు దగ్గరికి జరుపుకోండి."