రెండో గిటార్‌కు ఇచ్చిన స్వరం

నా ఎడమ చేతి చిటికెన వేలు బొగ్గు గనికి ఇచ్చేశాను. ఇచ్చాననడం మర్యాద కోసం. బండ్లు లాగే ఇనుప తాడు దాన్ని లాక్కుపోయింది. గిటార్ వాయించేటప్పుడు బొటనవేలు వెనకాలే ఉంటుంది కాబట్టి, తీగల మీదికి వచ్చేవి ఇప్పుడు మూడే వేళ్లు. ఆ మూడింటితోనే ముప్పయ్యేళ్లుగా చంద్రపూర్‌లో, మా తుకుం పేటలో పిల్లలకు గిటార్ నేర్పుతున్నాను. ఎవరైనా జాలిపడితే, నేను వాయించింది నాలుగు వేళ్లతో వాయించి చూపించమంటాను. జాలి అక్కడితో ఆగిపోతుంది.

రిటైరయ్యాక ఒక పిచ్చి పట్టుకుంది. దిగంబర్ నిలేకర్ అని, సర్కారు జాతీయ స్వరకర్త బిరుదిచ్చిన పెద్దాయన. ఆయన రాసినవన్నీ అరవై మంది కలిసి వాయించేవి. వాటిలో నాలుగింటిని నాలుగు గిటార్లకు మార్చి రాయాలని కూర్చున్నాను. వయొలిన్ స్వరాన్ని ఎంతసేపైనా సాగదీస్తుంది. గిటార్ స్వరం మీటగానే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. అది చచ్చేలోపు పక్కవాడు అందుకోవాలి. అదీ పని. ఐదేళ్లలో మూడు పూర్తయ్యాయి. నాలుగోది కూడా అయ్యాకే బయటపెడతానని మొండికేశాను.

నేను రాసేది సరిగమల్లో, తెలుగు అక్షరాల్లో. మంచిర్యాల బడిలో అబ్బింది అంతే. ఇక్కడి పిల్లలు మరాఠీ బళ్లో చదివారు, వాళ్లకవి కోడిగీతలు. షుగరు నా కళ్లను తినేసింది. అలవాటు మీద రాయగలను, రాసింది చదవలేను. చదివేది నా భార్య దీనమ్మ. ఎండాకాలం మధ్యాహ్నాలు కూలర్ ఆపేసేవాళ్లం, దాని మోతలో స్వరం వినబడదు. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ, చర్చిలో వాక్యం చదివినట్టు చదివేది. “స, స, ప. సున్న. రెండో గిటార్, ని.” సున్న అంటే ఆగమని. సున్న దగ్గర ఆమె ఊపిరి కూడా బిగబట్టేది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నాకు బాగా ఇష్టమైనవి ఆ మధ్యాహ్నాలే.

మార్చిలో జెరెమీ ఫోన్ చేశాడు. నా చెల్లెలి కొడుకు, నా దగ్గరే నేర్చుకుని నాగ్‌పూర్‌లో సంగీతం టీచరయ్యాడు.

“మామా, వచ్చే నెల చంద్రపూర్‌ల మా ప్రోగ్రామ్ ఉంది. నిలేకర్ సాబ్‌వి మూడు, గిటార్ల మీద. నువ్వు, అత్త ముందల కూసోవాలె.”

మూడు అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మేనల్లుడు నా దారిలోనే నడుస్తున్నాడని మురిసిపోయాను, వెర్రివాణ్ని.

ప్రోగ్రామ్ రోజు సాయంత్రం హాల్లో మొదటిది మొదలైంది. పెద్దాయన పాటే కదా, తెలిసినట్టుందంటే వింతేముంది, తలాడిస్తూ విన్నాను. ఒకచోట మొదటి గిటార్ పైకి ఎక్కుతూ ఎక్కుతూ చివరి మెట్టు ముందు ఆగింది. ఆ చివరి స్వరాన్ని మాత్రం రెండో గిటార్ మీటింది.

తలాడించడం ఆపేశాను. ఆ స్వరం చిటికెన వేలిది. వేళ్లన్నీ ఉన్నవాడెవడూ దాన్ని పక్కవాడికివ్వడు. నాకు వేలు లేదు కాబట్టి నేనిచ్చాను. స్టేజీ మీద నలుగురికీ వేళ్లు నిక్షేపంగా ఉన్నాయి. అయినా ఆ చోట ఇచ్చారు. ఎత్తుకుపోయినవాడు నాకు లేని వేలిని కూడా వదల్లేదు.

చివర్లో మైకులో చెప్పారు, గిటార్లకు మార్చి రాసింది జెరెమీ అని. హాలంతా చప్పట్లు. పక్కన దీనమ్మ కూడా కొట్టింది, కాస్త ఆలస్యంగా.

స్టేజీ వెనక వాణ్ని పట్టుకున్నాను.

“ఏందిర ఇది? తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవా?”

“మామా, ఒట్టు, నీ బుక్కు నేను ముట్టలె.”

“ముట్టినా నీకు తెలుగుల ఒక్క అక్షరం రాదు గదరా. ఎవలు సదివిన్రు?”

వాడి ముఖం నాకు మసకే. కానీ అది నా భుజం మీదుగా వెనక్కి చూస్తోందని తెలిసింది.

“నేనే సదివిన,” అంది వెనక నుంచి దీనమ్మ. “నువ్వు దవాఖానకు పోయిన రోజులల్ల. పిల్లగాడు ఫోన్ల రికార్డ్ చేస్కున్నడు.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా యేసయ్య కూడా పట్టలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో అడిగాను. “వాని పేరు వెట్టుకుంటడని నీకు ఎర్కనా?”

“ఎర్కనే.”

“మరి?”

“బొగ్గుబాయిల పన్జేసినోని పేరు వెడ్తె నాగ్‌పూర్‌ల ఎవలు ముడ్తరయ్యా? నువ్వు నాలుగోది అయినంక అంటివి. ఐదేండ్లాయె. రేపు నువ్వు పోతె ఆ బుక్కు రద్దీ కాయితాలల్ల పోతది. ఒక్కసారన్న నా చెవులతోని విందామనుకున్న.”

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికితే తిట్టి తేలికపడేవాణ్ని. జెరెమీ మీద వచ్చింది కోపం. దీనమ్మ మీద అది కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

“వానికి సదివినప్పుడు గూడ సున్న కాడ ఊపిరి ఆపినవా?” అని అడిగాను.

ఆమె ఆటోవాడికి మా సందు చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక దీనమ్మ ఎప్పట్లాగే కూలర్ ఆపింది. కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం ఒళ్లో తెరుచుకుని నా ఎదుట కూర్చుంది. నాలుగోదానిలో ఇక మిగిలింది ఒక్క పేజీ. ఆమె చదవకపోతే నా రాతే నాకు తెలియదు, ఆ పేజీ ఎప్పటికీ పూర్తి కాదు. అది ఆమెకూ తెలుసు.

“యాడికెల్లి సదవాలె?” అంది మెల్లగా.

నేను గిటార్ గోడకు ఆనించి, లేచి వెళ్లి, కూలర్ వేశాను.