బొబ్బలకు బాలు వైద్యం

కోకాపేటలో ఒకే ఒక్క ఉద్యోగానికి జరిగిన వాకిన్ ఇంటర్వ్యూలో చివరికి ఇద్దరే మిగిలారు. రాతపరీక్షలో మొదటివాడు మదీనాగూడ రాకేశ్, రెండోవాడు కాకినాడ బాలు. చివరి పిలుపు కోసం గేటు బయట కూర్చున్నారు. బూట్లు లేనివాళ్ళకు ప్రవేశం లేదని గేటుకు బోర్డు వేలాడుతోంది.

వారంగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న రాకేశ్‌వి బావ ఇచ్చిన ఏడో నంబరు బూట్లు. ఎనిమిదో నంబరు కాళ్ళను అవి ఏడిపించేశాయి. మడమల మీద బొబ్బలు లేస్తే, నోట్లోంచి బొబ్బలు రాకుండా పళ్ళు బిగబట్టాడు.

"జర ఏమన్న ఉపాయం చెప్పన్నా, ఒకటే మంట!"

"ముందు బూట్లు విప్పెయ్ తమ్ముడూ, గాలి తగలాలి. బొబ్బ చిదపకు, చీము పడుతుంది. నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డ చుట్టాలి."

ప్రతి మాటా నిజమే, ఏ డాక్టరైనా అదే చెబుతాడు. వాచిన కాలు విప్పిన బూటులోకి మళ్ళీ దూరదన్న సంగతి మాత్రం బాలు చెప్పలేదు. నిరుడు తనకలాగే ఒక ఉద్యోగం పోయింది. తన చేతిరుమాలు చింపి, రెండు మడమలకూ మందంగా తనే చుట్టాడు.

రాకేశ్‌కు పిలుపొచ్చింది. ఎంత తొక్కినా కాలు దూరలేదు.

"బూట్లు లేకుంటే పంపను, ఇగ పక్కకు జరుగు," అన్నాడు గార్డు. లోపలినుంచి రెండో పేరు పిలిచారు.

"నువ్వు పో అన్నా. మంటైతే మస్తు తగ్గింది. నీ రుమాలుకు బదులు కొత్తది కొనిస్త."

"వద్దులే తమ్ముడూ, ఉంచుకో," అన్నాడు బాలు టై సర్దుకుంటూ. "కాలికయ్యాక కంటికీ పనికొస్తుంది."