రెండు షిఫ్టుల వీరుడు

మా ఇంట్లో వీరుడు ఒక్కడే. పేరు మొండిఘటం. ఆన్‌లైన్ ఆటలో ఉంటాడు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నా చేతిలో, పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మా ఆయన చేతిలో. మా ఆడపడుచు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది మాకు అంటగడితే, దాంతోపాటు వచ్చాడు. పిల్లల్లేని ఇంట్లో అలా ఉండిపోయాడు.

నేను పార్శిళ్ల గిడ్డంగిలో పగటి షిఫ్టు సూపర్‌వైజర్ని. ఆయన రాత్రంతా బేకరీలో కేకుల మీద చక్కెర పూలు వేసి, పేర్లు రాస్తాడు. పొద్దున్న ఆరింటికి ఆయన మెట్లెక్కుతుంటే నేను దిగుతుంటాను. "తిన్నావా?" "తిన్నాను, మీరు పడుకోండి." సాయంత్రం నేనొచ్చేసరికి ఆయన వెళ్లిపోయి ఉంటాడు. అంతే మా కాపురం. బస్సులో కూర్చున్నాక కూడా ఆయన చొక్కాకున్న వెనీలా వాసన నా వెంట వస్తుంది. సగం నిద్రలో, ఆయన పక్క సీట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఆదివారం ఒక్కటే ఇద్దరికీ సెలవు. అదీ ఈ నెల దాకానే. వచ్చే నెల నుంచి ఆయన సెలవు మంగళవారానికి మారుతోంది. అందుకే ఒట్టు పెట్టుకున్నాం. ఆటలో కొండ మీద మబ్బుకోట అని ఒకటుంది. దాని తలుపు నెలకోసారి, చివరి ఆదివారం సాయంత్రం నాలుగింటికి తెరుచుకుంటుంది. కత్తి నేర్పు అరవై ఉన్నవాడినే లోపలికి రానిస్తుంది. ఈసారి సోఫాలో పక్కపక్కనే కూర్చుని ఇద్దరం కలిసి వెళ్లాలి. నవ్వకండి. మేమిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లి రెండేళ్లయింది.

కత్తి నేర్పు పెరగాలంటే తెల్లమడుగులో నురుగు కప్పల్ని కొట్టాలి. ఒక్కోటి దూడంత ఉంటుంది. మూడు గుంటలు, ఒక్కో గుంటలోంచి నిమిషానికి ఒకటి లేస్తుంది. తెలివితక్కువ వాళ్లు కప్ప వెంట పరిగెడతారు. నేను పరిగెత్తను. మధ్యలో పలకరాయి ఉంది, దాని మీద నిలబడితే మూడూ వరసగా మన దగ్గరికే వస్తాయి. ఒక్కో కప్పకి మూడు వేట్లు. మొదటి రెండూ టకటకా వేసెయ్యొచ్చు. మూడోదానికి మాత్రం ఆగాలి. కప్ప గొంతు ఉబ్బుతుంది, సరిగ్గా అప్పుడే వెయ్యాలి. ముందైనా వెనకైనా అది ఉమ్ముతుంది. వెంటవెంటనే రెండు ఉమ్ములు తగిలితే మొండిఘటం పడిపోతాడు. పడితే రెండు రోజులు నేర్చిందంతా గాలికి పోతుంది. గంటకి నూట డెబ్బై కప్పలు నా లెక్క. పార్శిళ్లయినా కప్పలయినా, అడుగు వృథా పోకూడదు.

అరగంట గడిచాక ఆ లెక్క కూడా ఉండదు. మడుగు మీద తెల్లటి పొగ అటూ ఇటూ కదులుతుంటుంది. వేలు దానంతటదే పడుతుంటుంది. అరికాళ్ల కింద రాయి చల్లగా తగులుతున్నట్టుంటుంది. ఇదే రాయి మీద పొద్దున్న ఆయన నిలబడి ఉంటాడు కదా అనుకుంటే, గిడ్డంగిలో అరిచిన అరుపులన్నీ ఒంట్లోంచి దిగిపోతాయి.

కానీ మూడు వారాలుగా ఆయన ఆ రాయి మీద నిలబడ్డం లేదు. నేను సాయంత్రం ఆట తెరిచేసరికి మొండిఘటం మడుగు అంచున, నీళ్ల వైపు తిరిగి, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంటున్నాడు. ఆట రోజూ ఒక పట్టీ రాస్తుంది, ఏ గంటలో ఎన్ని కప్పలు చచ్చాయో. పొద్దుటి గంటల ఎదురుగా సున్నా. మర్నాడూ సున్నా. నేర్పు యాభై ఎనిమిది దగ్గర పాకుతోంది.

ఫ్రిజ్ మీద చీటీలు అతికించడం మా అలవాటు. ఆయన రాస్తే చీటీ కూడా కేకులాగే ఉండేది, చివర ఓ గులాబీ. ఈ మధ్య అవీ మానేశాడు. ఆదివారాలు టీ కూడా సగం కప్పే పోసుకుంటున్నాడు, ఇంట్లో పాలకి కరువొచ్చినట్టు. నా మీద మనసు విరిగిందేమో అనుకున్నాను. అనుకుని ఏడవాల్సింది పోయి, నా నోరు మంచిది కాదు కదా, శుక్రవారం పెద్ద అక్షరాలతో రాసి అతికించాను: "మూడు గంటలు నిలబడ్డానికి మీరెందుకు? కుర్చీ చాలు."

శనివారం సాయంత్రం ఆట తెరిస్తే మొండిఘటం మళ్లీ అక్కడే. ఒళ్లు మండింది. రాయి మీదికి లాక్కెళ్దామని మీట మీద వేలు పెట్టి, ఎందుకో ఆగాను. ఇంత ముచ్చటగా ఈయన చూస్తున్నదేమిటో చూద్దామనిపించింది. మడుగు అవతల కొండ, కొండ మీద లేత గులాబీ రంగు వెలుగు. అది నీళ్లలో పడి, పొగలో కరిగి, మళ్లీ తేలుతోంది. కప్పలు దూరంగా బుడుంగుమని లేచి, ఎవరూ కొట్టక, మళ్లీ మునుగుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలీదు. కళ్లు మూతలు పడుతుంటే, ఆయన నా పక్కన నిలబడి ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించింది.

ఉలిక్కిపడి లేచి పట్టీ తెరిచాను. ఇన్నాళ్లూ చచ్చిన కప్పల్నే చూశాను. తప్పిన వేట్లు ఎప్పుడూ చూడలేదు. రెండు నెలలు వెనక్కి వెళ్లాను. పొద్దుటి గంటల్లో తప్పినవి నాలుగు. తర్వాతి వారం పదకొండు. తర్వాత ముప్పై, యాభై. అన్నీ మూడో వేటే, గొంతు ఉబ్బినప్పటి వేటు. ఆ తర్వాత ఒకే వారంలో రెండుసార్లు పడిపోయాడు. ఆ మర్నాటి నుంచీ సున్నాలు.

ఇరవై ఏళ్లుగా మనుషుల లెక్కలు చూస్తున్నదాన్ని. ఒళ్లు బద్ధకమైన వాడి లెక్క ఒక్కసారిగా పడిపోతుంది. ఇలా మెట్టు మెట్టుగా దిగి, కింద ఆగిపోయేది నొప్పి దాచుకునేవాడి లెక్క. గిడ్డంగిలో ఎవరు నడుం నొప్పి దాచినా ఇట్టే పట్టేస్తాను. ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని నాకు పేరు. నా ఇంట్లో మనిషిని మాత్రం కుర్చీ అన్నాను.

ఆదివారం పొద్దున్న ఆయన వచ్చేసరికి టీ పెట్టి, కప్పు నిండా పోసి ముందుంచాను. ఆయన ముట్టుకోలేదు.

"తాగండి."

"చల్లారనీ."

"చల్లారిపోయింది. తాగండి."

కుడి చెయ్యి చాపాడు. కప్పు అంగుళం లేచిందో లేదో, టీ సాసరులోకి, సాసరులోంచి బల్ల మీదికి ఒలికింది. ఆయన కప్పు దించేసి, ఆ చేతిని ఎడమ చేత్తో మూసేశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎండాకాలం నుంచి. పేర్లు రాయడం నాలుగు వారాల కిందట ఆపేశాను. పెట్టెలు కడుతున్నా."

"మరి నాకు చెప్పాలని లేదా? నేనెవర్ని, పక్కింటిదాన్నా?"

"నీకు చెప్తే నిజమైపోతుందని భయమేసిందే."

"ఆ కప్పల్నైనా నాకే వదిలేయొచ్చుగా! పొద్దున్నే మూడు గంటలు అక్కడ నిలబడ్డం ఎందుకు?"

"నేను కొడితే వాడు పడతాడు. నువ్వు సంపాదించిందంతా పోతుంది. ఊరికే ఉంటే ఏమీ పోదు కదా. సాయంత్రం నువ్వక్కడికే వస్తావు కదాని..." అన్నాడు, తలెత్తకుండా.

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే తిట్టాను, తిడుతూనే బల్ల తుడిచాను.

ఆయన కాసేపు పడుకుని లేచాక, పదింటికి ఇద్దరం సోఫాలో కూర్చున్నాం. నడిపించడం ఆయన ఎడమ చెయ్యి, వేటు నా వేలు. కప్ప గొంతు ఆయన చూసేవాడు. "ఉబ్బుతోంది... ఉబ్బుతోంది... ఇప్పుడు!" కన్ను నాకంటే ఆయనదే పదును, నాకెప్పుడూ తెలీలేదు. మధ్యాహ్నానికి కర్టెన్ వెలుగు నేల మీద పాకుతూ మా పాదాల దాకా వచ్చింది. మడుగు పొగ గదిలోకే వచ్చినట్టుంది. ఇద్దరం నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు గుసగుసగా లెక్కపెట్టుకున్నాం.

నాలుగింటికి నేర్పు యాభై తొమ్మిది ముప్పావు. కొండ మీద తలుపు తెరుచుకుంది. ఎవరెవరో వీరులు జంటలుగా, గుంపులుగా లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది.

"నా వల్లే," అన్నాడు.

"అవును, మీ వల్లే. చెప్పకపోవడం వల్ల. చెయ్యి వల్ల కాదు. ఊఁ, రాయి మీదికి నడిపించండి."

దీపాలు పెట్టేవేళకి అరవై వచ్చింది. వెళ్లడానికి తలుపు లేదు. ఆయన కుడి చెయ్యి నా ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను. నేను పట్టుకున్నా అది ఆగలేదు. అయినా వదల్లేదు.

గిడ్డంగికి ఫోన్ చేసి సోమవారం సెలవు పెట్టాను. అవతలివాడు ఎవరు పోయారని అడిగాడు, అంత నమ్మకం నా మీద.

సోమవారం లేచేసరికి ఆయన మంచం మీద లేడు, స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. ఫ్రిజ్ మీద నా చీటీ కింద ఇంకో చీటీ. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, గీత దాటి, కిందికి జారిపోయాయి. చివర గులాబీ కాబోయి ఆగిపోయిన ఒక సున్నా. కూడబలుక్కుని చదివాను.

"కుర్చీ డాక్టరు దగ్గరికి వెళ్తోంది. తోడు రా."

నన్ను తోడు రమ్మని ఆయన అడగడం, ఇన్నేళ్లలో అదే మొదటిసారి. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.