రెండు ఐత్వాలు

"జీతం లేని పనికి ఇంత హడావిడి ఎందుకు?" అన్నాడు మణిశంకర్, పెసరట్టు తుంచుకుంటూ. భర్త మాటకి హైమ చేతిలో అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. తను వేస్తున్న అట్టూ జీతం లేనిదే కదా అనుకుంది. అత్తగారికి తుంటి ఎముక విరిగినప్పుడు, రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసింది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా" అనడం అప్పుడే మొదలైంది. ఆవిడ కోలుకుని నడుస్తున్నా ఆ మాట మాత్రం కదల్లేదు.

ఏడాదిగా హైమ మధ్యాహ్నం పూట చిక్కిన గంటలో, అందరూ ఉచితంగా వాడుకునే ఒక ప్రోగ్రామింగ్ భాషలో తప్పులు సరిచేస్తోంది. ఆమె చూసేది ఇంటరాక్టివ్ కంపైలర్. ఒక వరుస టైప్ చేస్తే అక్కడికక్కడే జవాబు చెబుతుంది. మొగల్తూరు నుంచి శ్రీదుర్గ అనే టీచరు రాసింది: "మా పిల్లలు తెలుగు పేర్లతో ప్రోగ్రాములు రాస్తారండి. శైలజ అని పేరు పెట్టి మార్కులిస్తే తీసుకుంటుంది. కింది వరుసలో శైలజకెన్ని అని అడిగితే ఆ పేరే లేదంటుంది. మిగతా వాళ్ళందరికీ బాగానే వస్తోంది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుందండి."

హైమ దగ్గర ఎన్నిసార్లు కొట్టినా శైలజ పలికింది. వారం గడిచాక, ఆ పిల్ల కొట్టిన వరుసనే పంపమని అడిగి, అక్షరం అక్షరం విడదీసి చూసింది. తన శైలజలో నాలుగు గుర్తులు. ఆ పిల్ల శైలజలో అయిదు. అక్కడి కీబోర్డు ఐత్వాన్ని ఎత్వంగానూ కింది గుర్తుగానూ రెండు ముక్కలు చేసి పంపుతోంది. కంపైలర్ ఆ రెంటినీ కలిపి దాచుకుంటోంది. వెతికేటప్పుడు మాత్రం కలపడం మరిచిపోతోంది.

హైమ కుర్చీలో వెనక్కి వాలింది. ఒకటో తరగతిలో పలక మీద ముందు ఎత్వం పెట్టి, తర్వాత కింద గుర్తు చేర్చిన తన చేతికి ఈ సంగతి అప్పుడే తెలుసు. ఎక్కడో ఎవరో, ముఖం తెలియని మనుషులు, ఈ లిపిని ఇంత శ్రద్ధగా విప్పి యంత్రానికి అప్పజెప్పారు. ఇలాగే గుర్తుల్ని కలిపి రాసే కొరియా పిల్ల పేరైనా, వియత్నాం పిల్ల పేరైనా ఇక్కడే తప్పిపోతూ ఉండాలి. అందరికీ దారి ఒక్క వరుసలో ఉంది. వెతికేముందు కూడా ముక్కల్ని కలపమని ఆ వరుస రాసి పంపింది.

రెండు రోజులకి శ్రీదుర్గ ఫోన్ చేసింది. "శైలజకి తొంభై ఒకటి అని చెప్పిందండి. క్లాసంతా చప్పట్లు కొట్టారు."

ఆ సాయంత్రమే భాషని నడిపేవాళ్ళ నుంచి ఉత్తరం: పేర్లను చూసే భాగమంతా ఇకపై మీరు చూసుకుంటారా? ఎవరినీ అడగకుండా హైమ ఒప్పుకుంది.

భోజనాల దగ్గర భర్తతో చెప్పింది. "రేపట్నుంచి పదింటి నించి ఒంటిగంట దాకా నేను పనిలో ఉంటానండి. మధ్యాహ్నం వంట సంగతి మీరూ అత్తయ్యగారూ చూసుకోండి."