పక్కన ఆడే మనిషి

తీగ మీది ఆఖరి దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని దులిపేసరికి సన్నటి ఉప్పురవ్వ లుతిమిలా మొహం మీద రాలింది. పడవలవాళ్ళ దుప్పట్లు ఎన్ని నీళ్ళల్లో జాడించినా సముద్రాన్ని పూర్తిగా వదలవు. ఆవిడ దుప్పటి అంచుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఫరవాలేదనుకుని, పొట్టకి ఆనించి నాలుగు మడతలు వేసింది. ముప్పై నాలుగేళ్ళుగా అదే మడత.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నంలోగా తీగలన్నీ ఖాళీ కావాలి. సముద్రం మధ్య దీవిలో రేవు ఊరు నెయాఫు. అక్కడ ఆదివారం దేవుడి రోజు, ఎవరి పెరట్లోనూ బట్టలు ఆరవు. రేవులో లంగరేసుకున్న తెల్లవాళ్ళకి ఈ సంగతి అర్థమయ్యేది కాదు. శనివారం సాయంత్రం సంచులు మోసుకొచ్చి, సోమవారం దాకా ఆగమంటే వింతగా చూసేవాళ్ళు.

లుతిమిలా పొట్టిమనిషి. భుజాలు మాత్రం వెడల్పు. వేళ్ళ కొసలు ఏళ్ళ తరబడి సబ్బులో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. నవ్వితే ముందు పన్ను ఒకటి లేని సందు కనపడుతుంది. ఆ సందులోంచి ఈల వేయగలదు. రెండేళ్ళుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకుంటుంది.

పక్కింటి పెనీనా వసారాలో చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మహారాణీగారు ఇవాళ కూడా మడతలు పెడుతున్నారేమిటో!"

"నువ్వు పెడతావా మరి?"

"నేనెందుకు పెడతాను? నేను వంటింటి మనిషిని. నువ్వు చాప మీద కూర్చునే మనిషివి. రేపట్నించి నాతో మాట్లాడతావా, లేకపోతే చీటీ రాసి పంపాలా?"

"ముందు ఆ చొక్కా కాలుతోంది చూసుకోవే!"

పెనీనా కెవ్వుమని ఇస్త్రీపెట్టె ఎత్తింది. చొక్కాకేం కాలేదు. లుతిమిలా పంటిసందు బయటపెట్టి చాలాసేపు నవ్వింది.

పెనీనా ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు. ఆ దీవుల్లో పిల్లకి ఏ వేడుక జరిగినా ముందువరుస చాప మేనత్తదే. పిల్ల తండ్రి ఎంతటివాడైనా తన అక్కచెల్లెళ్ళ ముందు కిందివాడే. వంటపనీ, కట్టెలు మోయడం, పిల్ల నాట్యమాడుతుంటే వెనకాల చేరి వెకిలిగా గెంతడం, ఇవన్నీ తల్లివైపు వాళ్ళవి. పక్కన ఒకరు వంకరటింకరగా ఆడితేనే నడుమ ఆడే పిల్ల ఎంత సొగసుగా ఆడుతోందో జనానికి తెలుస్తుంది. నెయాఫులో ఆ వంకర ఆటకి లుతిమిలాని మించినవాళ్ళు లేరు. ఆవిడకి పెళ్ళి కాలేదు. ఒక్కగానొక్క తమ్ముడు సొసాయా చాలాకాలం రాజధానిలో ఉద్యోగం చేసి రెండేళ్ళ కిందటే ఊరికొచ్చాడు. అందుకని ఇన్నేళ్ళూ ఆవిడ ఎవరో ఒకరి పిల్ల వెనకాల గెంతడమే గాని, చాప మీద కూర్చున్నది లేదు. ఇవాళ సొసాయా కూతురు లావీనియా ఆడుతోంది. మేనత్తగా లుతిమిలాకి ఇదే మొదటి చాప.

ఆట శనివారం బడికి డబ్బు పోగుచెయ్యడం కోసం. చర్చి వెనక పాత హాలులో వారానికొకసారి ఇరవైమంది ఈడొచ్చిన పిల్లలు చేరతారు. సభ ఎలా నడపాలో, పెద్దల ముందు లేచి ఎలా మాట్లాడాలో, ఆఫీసులకి ఉత్తరం ఎలా రాయాలో ఒక కుర్ర టీచరు నేర్పుతాడు. వానలేని రోజున వాళ్ళని పడవలో తీసుకెళ్ళి తిమింగలాలని లెక్కపెట్టిస్తాడు. మూడేళ్ళు ఏదో పరదేశపు సంస్థ డబ్బిచ్చింది. ఇక ఇవ్వలేమని మొన్న ఉత్తరం రాసింది. టీచరుకి రాజధానిలో వేరే ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఏడాది జీతం ఈ సాయంత్రానికి పోగైతే ఉంటాడు. లేకపోతే సోమవారం ఓడకి వెళ్ళిపోతాడు. టికెట్టు కూడా కొనిపెట్టుకున్నాడు.

ఆ బడి సంగతి లుతిమిలాకి మొదట్లో పట్టలేదు. కిందటేడు ఒకరోజు ఆ పిల్లలు నలుగురు పుస్తకాలు పట్టుకుని ఆవిడ పెరట్లోకి వచ్చారు.

"దుప్పటికి ఎంత తీసుకుంటావత్తా?"

"వాళ్ళిచ్చినంత."

"వాళ్ళెంతిస్తారు?"

"వాళ్ళకి తోచినంత."

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో టెమలేటి అనే పిల్ల ఒక్కమాటా మాట్లాడకుండా సబ్బు పొట్లాలు, నీళ్ళ బిల్లు, కరెంటు బిల్లు చూసి ఏదో రాసుకుని పోయింది. వారం తిరిగాక ఒక పలక తెచ్చి గుమ్మానికి మేకుతో కొట్టింది. దుప్పటికింత, చొక్కాకింత, తువ్వాలుకింత. ఆ రోజు సాయంత్రం వచ్చిన తెల్లాయన పలక చదివి, మారుమాట్లాడకుండా అంతా ఇచ్చి, థాంక్స్ చెప్పి వెళ్ళాడు. లుతిమిలా చాలాసేపు ఆ గుమ్మం దగ్గరే నిలబడింది. తన పనికి ఒక ధర ఉంటుందని, దాన్ని రాసి పెట్టవచ్చని ఆవిడకి అరవయ్యో ఏట తెలిసింది.

రెండు గంటలకి హాలు సగమే నిండింది. కిందటి వారం చర్చి పైకప్పు కోసం ఇలాంటి ఆటే జరిగింది, జనం దగ్గర మిగిలింది తక్కువ. లావీనియా తల్లివైపు వాళ్ళు పక్క దీవి నుంచి ఓడలో రావాలి. ఆ ఓడ ఇంకా రాలేదు. లుతిమిలా వేడుకల్లో బట్టల మీద కట్టుకునే సన్నపోగు చాపని అరువు తెచ్చి నడుముకి చుట్టుకుని, ముందువరుసలో ఒక్కతే, కాళ్ళు పక్కకి మడిచి కూర్చుంది. ఎవరో గ్లాసు నిండా కొబ్బరినీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించారు. ఏం చెయ్యాలో తెలీక దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ అవతల వంటచోట పెనీనా గరిటె ఊపుతూ మహారాణికి దండం పెడుతోంది.

సొసాయా మైకు పట్టుకుని ఒక్కొక్క కుటుంబాన్నీ హోదా వరుస తప్పకుండా పిలవడం మొదలుపెట్టాడు. గంభీరమైన మనిషి, గొంతు కూడా అంతే. లావీనియా ఒళ్ళంతా కొబ్బరినూనెతో మెరుస్తోంది. పిలుపు వచ్చినవాళ్ళు లేచి, నోటుని పిల్ల భుజానికో చేతికో అంటించి వెనక్కి వెళ్తున్నారు. నూనెకి నోటు అతుక్కుంటుంది. రాలినవాటిని టెమలేటి వంగి ఏరి డబ్బాలో వేస్తోంది.

పిల్ల బిగుసుకుపోయి ఆడుతోంది. చేతులు సరిగ్గానే తిరుగుతున్నాయి గాని మొహంలో ప్రాణం లేదు. వెనకాల ఆడేవాళ్ళు లేరు. అంత ఖాళీలో ఒంటరిగా నిలబడిన పదహారేళ్ళ పిల్ల ఎంత బాగా ఆడినా ఏదో తప్పు చేస్తున్నట్టే కనపడుతుంది. జనం ఒక్కొక్క నోటుతో సరిపెట్టి కూర్చుంటున్నారు. వెనక బల్లల మీద కూర్చున్న పడవలవాళ్ళు మర్యాదగా చప్పట్లు కొడుతున్నారే గాని జేబులోంచి చెయ్యి బయటికి తియ్యడం లేదు. గుమ్మం పక్కన టీచరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నేల చూస్తున్నాడు.

లుతిమిలా మోకాళ్ళు ఆవిడని అడగలేదు. ఇన్నేళ్ళ అలవాటు. పిల్ల ఒంటరిగా ఆడుతుంటే కూర్చోవడం వాటికి తెలీదు. కొబ్బరినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, నడుం చాప విప్పి మడిచి, లేచి పిల్ల వెనక్కి నడిచింది. మోకాళ్ళు ఎడంగా పెట్టి, పిరుదులు వెనక్కి తోసి, కళ్ళు తేలేసి, పిల్ల చెయ్యి అలలా కదిలినప్పుడల్లా తను పీతలా పక్కకి గెంతింది. పంటిసందులోంచి ఈల వేసింది. హాలు గొల్లుమంది. మేనత్త గెంతుతోంది! చాప మీద కూర్చోవాల్సిన మనిషి గెంతుతోంది! వెనకవాళ్ళు బల్లలెక్కి చూశారు. లావీనియా పెదవి మొదటిసారి కదిలింది.

అప్పుడే మైకు ఆగిపోయింది.

లుతిమిలా తల తిప్పి చూసింది. సొసాయా మైకుని కుర్చీ మీద మెల్లగా పెట్టి, తల వంచుకుని, ఎవరి వైపూ చూడకుండా పక్కగుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోతున్నాడు. అక్క వెకిలిగా ఆడుతున్నచోట తమ్ముడు ఉండకూడదు. చూస్తే అక్కని అగౌరవపరిచినట్టే. చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతి. ఇన్నేళ్ళూ తమ్ముడు ఊళ్ళో లేక మరచిపోయింది. నాలుగు ఊళ్ళ జనం ముందు తమ్ముడిని బయటికి నడిపించింది. పైగా కుటుంబాల వరుస తెలిసినవాడు అతనొక్కడే.

వాద్యాలు మోగుతూనే ఉన్నాయి. ఆపితే సిగ్గు రెండింతలు. ఆవిడ గెంతుతూనే కళ్ళతో హాలంతా వెతికింది. పెద్దలెవరూ కదల్లేదు. వరుస తప్పితే మాట పడాలి.

టెమలేటి డబ్బా కింద పెట్టింది. కుర్చీ దగ్గరికెళ్ళి మైకు తీసుకుంది. మొదటి మాట గాలిలా వచ్చింది, ఎవరికీ వినపడలేదు. రెండోది వణికింది.

"నాకు... నాకు ఎవరి తరవాత ఎవరో తెలీదు. తప్పు పిలిస్తే తిట్టండి. కానీ సోమవారం తిట్టండి, రేపు ఆదివారం."

ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల గొంతు సవరించుకుంది.

"వెనక బల్లమీద తెల్లదొరలూ! మీ దుప్పట్లు ఉతికే చేతులు ఎవరివో ఒక్కసారి చూసుకోండి. ఆ చేతులే మీ ముందు గెంతుతున్నాయి. ఆవిడ గెంతుడికి పలక మీద ధర రాయలేదు, రాయడం మరిచిపోయాను. అందుకని మీకు తోచినంత. ఈ ఒక్కసారికి!"

ఇంగ్లీషులో మళ్ళీ అదే చెప్పింది. బల్ల మీద ఒక ముసలాయన ముందు లేచాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. "చేపల సంతలో బేరాలాడే పెద్దమ్మలారా, ఇక్కడ బేరం లేదు!" అని పిల్ల అంటుంటే సంత ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ లేచారు. అంతలో రేవులో ఓడ కూత వినపడింది. కాసేపటికి తల్లివైపు వాళ్ళంతా మూటలతో సహా గుమ్మంలోంచి గెంతుతూనే లోపలికొచ్చారు. లావీనియా మెడ దాకా నోట్లు. ఆ పిల్ల ఇప్పుడు నవ్వుతూ ఆడుతోంది, నవ్వితే ఎంత అందగత్తో అందరికీ ఒక్కసారిగా తెలిసింది.

టీచరు గుమ్మం దగ్గర లేడు. లోపలికొచ్చి, కింద రాలినవి ఏరుతున్నాడు.

పొద్దు వాలుతుండగా లుతిమిలా హాలు వెనక మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెమట ఆరలేదు. పిల్లని రాసుకుని గెంతినందుకు ఆవిడ చేతులు కూడా నూనెగా ఉన్నాయి. కింద రేవు కనిపిస్తోంది, నీళ్ళు బద్ధకంగా కదులుతున్నాయి. పెనీనా చేమాకుల్లో చుట్టి వండిన కూర పొట్లం విప్పి పెట్టింది.

"తిను. మహారాణి ఉద్యోగం గంటలో ఊడగొట్టుకున్నావు."

"ముప్పావుగంటే. గ్లాసు కూడా తాగలేదు."

"తమ్ముడు ఏమంటాడో?"

లుతిమిలా రేవు వైపు తిరిగింది. పెనీనా గిన్నెలు కడగడానికి వెళ్ళింది. ఆవిడ వెళ్ళిన వైపునుంచే టెమలేటి పరుగున వచ్చింది.

"అత్తా! టీచరు ఓడ ఆఫీసుకి వెళ్ళి టికెట్టు వెనక్కి ఇచ్చేశాడు!"

"ఏడాదికి సరిపోయిందా?"

"ఇంకా కొంచెం మిగిలింది. పడవ డీజిలుకి." ఆ పిల్ల గుప్పిట్లోంచి పది పాంగాల నోటు ఒకటి తీసి, ఇస్త్రీ చేసినట్టు తొడ మీద సాపు చేసి, లుతిమిలా చేతికి మోచేతి పైన అంటించింది.

"నాకెందుకే? నూనె మరకవుతుంది. డబ్బాలో వెయ్యి."

"డబ్బాలో వెయ్యొద్దన్నాడు. మీ అత్త చేతికే అంటించు అన్నాడు."

"ఎవరు?"

"సొసాయా మావయ్య. బయట పనసచెట్టు కింద నిలబడి ఉన్నాడు ఇంతసేపూ."

లుతిమిలా నోటుని చూసింది. "కోపంగా ఉన్నాడా?"

"తెలీదత్తా. తల ఎత్తలేదు. అక్క ఎలా ఆడింది అని అడిగాడు. నేను..." పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను ఆడి చూపించాను. పీతలాగ. చెట్టువైపు తిరిగిపోయాడు. భుజాలు ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో తెలీలేదు గానీ, మళ్ళీ చూపించమన్నాడు."

లుతిమిలా తల గోడకి ఆనించి, గొంతులోనే నవ్వింది. "ఈల వేశావా?"

"నాకు రాదు."

"పన్ను ఊడాలి దానికి. పో, పిల్లలతో కలిసి తిను. బాగా మాట్లాడావే."

"వణికిపోయాను."

"విన్నాను. అయినా ఆపలేదు."

పిల్ల వెళ్ళిపోయింది. లోపల కుర్చీలు మడుస్తున్న చప్పుడు, ఎవరో ఎవరినో పేరుపెట్టి ఆటపట్టిస్తున్న గొంతులు. పెనీనా గిన్నెలు కడిగి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి పొట్లం విప్పినట్టే ఉంది. లుతిమిలా తల గోడకి ఆనించే ఉంది. కళ్ళు రేవు వైపు కొద్దిగా తెరిచి ఉన్నాయి. పంటిసందు కనపడేంత మేరకు పెదవులు విడి ఉన్నాయి. "ఏమేవ్," అని పెనీనా ఒకసారి పిలిచింది. తరవాత పిలవకుండా పక్కన కూర్చుని, చల్లబడుతున్న ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

ఒంటికి నీళ్ళు పొయ్యడానికి తీసుకెళ్ళేముందు ఆడవాళ్ళు ఆ నోటుని ఊడదీశారు. ఎవరి చేతికివ్వాలో ఎవరికీ తోచలేదు. డబ్బాలో వెయ్యొద్దన్న మాట టెమలేటికి గుర్తుంది. ఆరనీ ముందు, అని దాన్ని వంటచోటి కిటికీ అద్దానికి అంటించింది. సోమవారం పిల్లలు గిన్నెలు సర్దడానికి వచ్చేసరికి ఎండ అద్దంలోంచి పడుతోంది. నూనె ఇంకిన మేర కాగితం పలచబడి, వెలుతురుని లోపలికి రానిస్తూ, ఆ నోటు అద్దానికి అలాగే అంటుకుని ఉంది.