మూరన్నర కొయ్య

క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం పొద్దున్నే అలైదా లేచి వచ్చేసరికి ఆమె భర్త క్రేలిస్ అప్పటికే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కిటికీకి తెర బిగించి వేసి ఉంది. తెల్లవారాక తెర వేసి ఉంచడమంటే ఆ ఊళ్ళో ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అలైదాకి ఒళ్ళు మండింది.

"తెర ఎందుకు వేశావు?"

"ఎండ."

"సూర్యుడే ఇంకా పైకి రాలేదు."

"వస్తాడుగా," అన్నాడు క్రేలిస్.

సంగతి ఎండ కాదని ఇద్దరికీ తెలుసు. ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా కట్ట. ఇల్లు కట్ట కింద పల్లంలో, సరస్సు కట్ట అవతల ఎత్తులో. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి పడవలు కనబడవు, తెరచాపలు మాత్రం గడ్డి మీద నడిచిపోతున్నట్టు కనిపిస్తాయి. పండుగ నాడు ఊరు ఊరంతా నీళ్ళ మీదే ఉంటుంది కాబట్టి తెల్లారింది మొదలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. అవి చూడలేక తెర వేసుకున్నాడు మహానుభావుడు. ఆ మాట నోరు విప్పి చెప్పేవాడైతే అతను క్రేలిస్ ఎందుకవుతాడు?

ముప్ఫై నాలుగేళ్ళు ఈ పండుగ పొద్దున్న వాళ్ళిద్దరూ ఇంట్లో ఉన్నది లేదు. కాలువలోంచి పడవ తీసుకుని, వంతెన కింద నుంచి సరస్సులోకి వెళ్ళి, నడిమధ్య రెల్లు దిబ్బ దగ్గర లంగరు వేసి, ఆ ఏటికి మొదటి మునక అక్కడ వేసేవారు. మే నెల నీళ్ళు ఎముకలు కొరికేసేవి. క్రేలిస్ కేకలు పెడుతూ దూకేవాడు. అలైదా నిచ్చెన పట్టుకుని, తిట్టుకుంటూ, ఒక్కో మెట్టే దిగేది. తర్వాత ఒకే తువ్వాలు ఇద్దరూ లాక్కుని తుడుచుకుని, వణుకుతూ ఫ్లాస్కులో కాఫీ తాగేవారు. అంతకు మించిన సుఖం అలైదా ఎరగదు. ఎరగాలని కోరుకోలేదు కూడా.

రెండేళ్ళ కిందట అక్టోబరులో క్రేలిస్‌కి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, కాలు సగం దక్కింది, కుడి చెయ్యి పోయింది. చెయ్యి పోయిందంటే అతని లెక్కలో పడవే పోయింది. ఎందుకంటే వాళ్ళ పడవ తెరచాప కొయ్య వంతెన కంటే మూరన్నర ఎత్తు.

బయటి ఊళ్ళ వాళ్ళు ఆ వంతెన ముందు పడవ ఆపి, గట్టుకి కట్టి, తెరచాప చుట్టి, కొయ్య దించి, గెడ వేసుకుంటూ అవతలికి పోతారు. ఊళ్ళో వాళ్ళు ఆపరు. ఆపడం నామోషీ. ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు ముందు వైపు, కొయ్యని నిలబెట్టే మోకు దగ్గర. వంతెన రెండు పడవల పొడుగు దూరంలో ఉండగా చుక్కాని దగ్గరి మనిషి "దించు!" అని అరవాలి. అరిచిన క్షణాన కొయ్య తెరచాపతో సహా వెనక్కి వాలాలి, పడవ వచ్చిన వేగంతోనే వంతెన కింద దూరిపోవాలి, అవతల తేలగానే కొయ్య మళ్ళీ లేవాలి. చుక్కాని ఎప్పుడూ అలైదాదే, మోకు ఎప్పుడూ క్రేలిస్‌దే. ఆమె గొంతుకి కట్ట కింది ఆవులు తలలెత్తి చూసేవి. వంతెన పక్క కాఫీ బల్లల దగ్గర కూర్చున్న జనం చప్పట్లు కొడితే క్రేలిస్ వాళ్ళ వైపు చూసేవాడు కాదు గానీ చెవులు మాత్రం ఎర్రబడేవి.

జబ్బు చేసిన తర్వాత అలైదా వందసార్లు చెప్పింది. "నువ్వు ఊరికే కూర్చో చాలు. వంతెన ముందు ఆపుకుందాం. కొయ్య నేనే దించుతాను."

"మూటలా కూర్చోబెట్టి ఊరేగిస్తావా?" అనేవాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆఖరికి ఉట్రెఖ్ట్ పట్నంలో ఒక పళ్ళ డాక్టరుకి పడవ అమ్మేయడానికి మాట కూడా ఇచ్చేశాడు. ఆ డాక్టరు శనివారం వస్తాడు. వాదించి వాదించి విసిగిపోయి ఒకనాడు అలైదా "సరే" అంది. ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని అప్పటి నుంచీ కుమిలిపోతోంది. పడవ పోతే పోయింది. పడవతో పాటు, ఈ మనిషి మళ్ళీ ఏనాటికైనా తనతో నీళ్ళ మీదికి వస్తాడన్న ఆశ కూడా పోతుంది. ఆమె బాధ అది.

"నేను ఒక్కసారి వెళ్ళొస్తాను," అంది గుమ్మంలో నిలబడి.

"వెళ్ళు."

"నువ్వూ రావచ్చుగా."

"గాలి నైరుతి నుంచి ఉంది. రొట్టె తీసుకెళ్ళు."

తెర వేసుకున్నవాడికి గాలి ఎటు నుంచి ఉందో ఎలా తెలిసిందో! అలైదా వంటగదిలోకి వెళ్ళింది. రొట్టెలకి వెన్న రాసి చీజ్ పెట్టి కాగితంలో చుట్టాక చూసుకుంటే ఇద్దరికి సరిపడా ఉన్నాయి. ఒక పొట్లం బల్ల మీద అతని పక్కన పెట్టి వచ్చేసింది.

కాలువ మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని తడి గడ్డిలో నడుస్తున్నారు, పండుగ పొద్దున్న అది వాళ్ళ సరదా. తెరచాప ఎత్తగానే గాలి నిండింది, పడవ కదిలింది, చుక్కాని అరచేతిలో చిన్నగా అదిరింది. అలైదాకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. గట్టు మీద ఎవరూ చూడటం లేదు కదా అని రెండూ కానిచ్చేసింది. కలువాకుల మధ్య నీటికోళ్ళు గూళ్ళ మీద కూర్చుని కసురుకుంటున్నాయి. "చూశావా, ఈ ఏడు ముందే పొదిగాయి," అంది పైకే. అని, ముందు వైపు చూడకుండా తల తిప్పుకుంది.

వంతెన ముందు ఆపాలని ఇంట్లోనే అనుకుని వచ్చింది. గట్టు దగ్గర గుంజ ఉంది, దానికి కట్టి కొయ్య దించుకుంటే సరి. నామోషీ అయితే అయింది.

వంతెన మీద కోబుస్ గాలం వేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళో పడవలన్నీ బాగుచేసేది అతనే, అందరి సంగతులూ మోసేదీ అతనే.

"అలైదా! మీ కిటికీ తెర వేసి ఉంది, ఎవరన్నా పోయారా ఏంటి?"

"పోతే నీకు చెప్పకుండా ఉంటామా? చావింటి కాఫీకి ముందొచ్చేది నువ్వేగా!"

"ఒక్కదానివే వచ్చావే! కొయ్య ఎవరు దించుతారు?"

"ఆపి దించుకుంటానులే, పట్నం వాళ్ళలాగా."

"ఛీ ఛీ! క్రేలిస్ చూశాడంటే ఇంట్లోకి రానివ్వడు నిన్ను."

"చూస్తే బాగుండు," అంది అలైదా. ఆ మాట కోబుస్‌కి వినబడలేదు.

సరిగ్గా అప్పుడే నైరుతి గాలి ఒక్క ఊపు ఊపింది. పడవ ముందుకి దూకింది. గట్టు వైపు తిప్పాల్సిన చెయ్యి తిప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఏది చేసిందో అదే చేసింది, చుక్కానిని తిన్నగా బిగించి పట్టుకుంది. వంతెన దగ్గరికొచ్చింది. రెండు పడవల పొడుగు.

"దించు!" అని అరిచింది అలైదా, గొంతు పగిలేలా.

అరిచి ఎదురుచూసింది. కొయ్య వాలలేదు. ఆ క్షణంలో ఆమెకి వచ్చింది భయం కాదు, కోపం. ఇంత ఆలస్యం చేస్తాడేంటి ఈ మనిషి అనుకుంది. అప్పుడు చూసింది, ముందు మోకు దగ్గర ఎవరూ లేరు.

కొయ్య పై భాగం వంతెన దూలానికి ఫెళ్ళున తగిలింది. మూరన్నర ముక్క విరిగి కోబుస్ గాలం పక్కన నీళ్ళలో పడింది. తెరచాప జారి అలైదా నెత్తి మీద కప్పుకుంది. ఆమె దాన్ని తొలగించుకోలేదు. దాని కింద అలాగే కూర్చుండిపోయింది.

కోబుస్ ఎగతాళి చెయ్యలేదు. ఊరి చరిత్రలో అది మొదటిసారేమో. గట్టు దిగి వచ్చి, పడవని గుంజకి కట్టి, తెరచాప తీసి, ఆమె చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కించాడు. నీళ్ళలోంచి ఆ ముక్క ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికి పద. పడవ సర్ది నేనూ వస్తాను."

వంతెన నుంచి ఇంటికి ఎనభై అడుగులు. ఆ ఎనభై అడుగులూ ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచింది. తలుపు తీసింది.

కుర్చీ ఖాళీగా ఉంది. తెర దాని కడ్డీతో సహా ఊడి నేల మీద పడి ఉంది. గదిలో ఎండ నిండిపోయింది. కిటికీ ముందు క్రేలిస్ నిలబడి ఉన్నాడు. కర్ర లేదు. ఒక కాలికే చెప్పు ఉంది. తెర అంచు ఇంకా ఎడమ పిడికిట్లోనే ఉంది.

"పడ్డావా?" అలైదా రెండంగల్లో అతని దగ్గరికి వెళ్ళింది.

"లేదు."

"మరేమైంది?"

"పిలిచావు," అన్నాడు క్రేలిస్. "లేచాను."

ఇంకేమీ అనడేమో అనుకుంది. క్రేలిస్ తన చేతిని తనే వింతగా చూసుకుంటూ అన్నాడు. "మోకు కోసం పోయింది చెయ్యి. ఇది దొరికింది. లాగేశాను."

అలైదా ముందు నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగలేదు, ఏడుపైపోయింది. ఆసుపత్రిలో ఏడవలేదు, పడవ అమ్ముతామని మాట ఇచ్చిన రోజు ఏడవలేదు. అదంతా ఇప్పుడు ఏడ్చేసింది, అతని చొక్కా పట్టుకుని.

"ఆలస్యంగా పిలిచావు," అన్నాడు ఆమె నెత్తి మీదుగా.

"లేదు!"

"అర పడవ పొడుగు ఆలస్యం. ఎప్పుడూ అంతే నువ్వు."

"ముప్ఫై నాలుగేళ్ళకి ఇప్పుడా చెప్పేది?"

"చప్పుడు బట్టి తెలిసిందిలే."

ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. విరిగిన ముక్క అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా కట్ట మీద తెరచాపలు పోతున్నాయి. ఈసారి తల తిప్పుకోలేదు. ఒక్కోదాన్నీ కనుమరుగయ్యే దాకా చూశాడు.

కోబుస్ బురద కాళ్ళతో గుమ్మంలోనే నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. నేల మీది తెర చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

"విరిగింది పైనే, కంగారేం లేదు. రేపటికల్లా అతికేస్తాను. రంగు కూడా వేసేస్తే ఆ పళ్ళ డాక్టరు పట్టుకోలేడు."

"అతకొద్దు," అన్నాడు క్రేలిస్.

"మరి?"

"విరిగిన చోట సమంగా కోసెయ్."

కోబుస్ గడ్డం గోక్కున్నాడు. "కోసేస్తే వంతెన కింద కొయ్య నిలబడే పోతుంది. ఇక దించే పనే ఉండదు."

"తెలుసు."

"తెరచాప కూడా కత్తిరించాలి. రెల్లు పక్కన పోతుంటే గాలి అందదు. బాతులు కూడా దాటిపోతాయి మిమ్మల్ని."

మిమ్మల్ని అన్నాడు, ఇద్దర్నీ కలిపి. క్రేలిస్ దిద్దలేదు. అలైదా గోడకి ఆనుకుని నిలబడింది. కోబుస్ ఒకసారి అతన్నీ, ఒకసారి ఆమెనీ చూసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

క్రేలిస్ బొటనవేలితో ఆ కొయ్య ముక్క చివర తడుముతున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు తను ఎత్తి దించిన కొయ్య అది. ఇక ఎవరూ ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. అది తెలిసే కోసెయ్యమన్నాడని అలైదాకి అర్థమైంది.

"డాక్టరుకి ఏం చెప్పను?" అంది మెల్లగా.

క్రేలిస్ ఆ ముక్కని కిటికీ గట్టు మీద పెట్టాడు. కిటికీ వైపే చూస్తూ, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అన్నాడు.

"నాకు నీళ్ళలో దిగాలని ఉంది, అలైదా. రెండేళ్ళుగా ప్రతి రోజూ ఉంది. నన్ను తీసుకెళ్ళు."