పెళ్లి కార్డు మీద డ్రాగన్

లక్కు అనే మాట వింటే సరళకు ఒళ్లు మండిపోయేది. కోదాడలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ, ఏడాదిగా కార్డులాటలో ఎదురు కూర్చున్నవాళ్లందరినీ ఓడిస్తున్న పిల్ల. ఒక్కరైనా "బాగా ఆడినవ్" అనాలా వద్దా? అనరు. "నీ లక్కు బాగుంది" అని చేతులు దులుపుకొని లేచిపోతారు. అందరికంటే ఎక్కువగా ఆ మాట అనేవాడు ధర్మేందర్.

ఆ ఆటను ఈ వైపుకు తెచ్చిందే అతను. సూర్యాపేటలో డిగ్రీ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లినప్పుడు డ్రాగన్ల బొమ్మలున్న కార్డుల డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. మనిషికి నలభై కార్డులు. ఎదుటివాడి మూడు కోటలూ ముందు కూల్చినవాడిదే గెలుపు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు పాతికమంది దాకా నెలకో ఆదివారం ఏదో ఒక ఊళ్లో చేరి ఆడేవాళ్లు. డబ్బా ఒకటే కాబట్టి బొమ్మల్ని కలర్ జిరాక్స్ తీయించి, పాత పెళ్లి కార్డుల మీద అతికించి, వెనక పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్ అంటించుకున్నారు. పెళ్లి కార్డులకేం కరువు? మీద దేవుడి బొమ్మ ఉంటుంది గనక ఏ ఇంట్లోనూ పారేయరు, అటక మీద కట్టలు కట్టలుగా పడుంటాయి. సరళ కూడా నేరేడుచర్లలో వాళ్లింటి అటక దులిపి, దేవుళ్లను జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టి, మిగిలిన అట్టలతో నలభై కార్డులూ చేసుకుంది.

డబ్బాలో లేని నియమం ఒకటి ఇక్కడివాళ్లు పెట్టుకున్నారు. రెండు కోటలు పోయి ఒక్కటే మిగిలినవాళ్లు, తమ కట్టను తామే ఒకసారి కట్ చేసి, కింది సగంలో పైనున్న కార్డు తీసుకోవచ్చు. సరళ ఓడిపోయిందని అందరూ అనుకునే సమయానికి కట్ చేసేది, బ్లాక్ డ్రాగన్ వచ్చేది. ఆ ఆటలో దాన్ని మించిన కార్డు లేదు.

2011 మే నెలలో సూర్యాపేటలో ఫైనల్ పెట్టారు. గెలిచినవాళ్లు హైదరాబాద్‌లో జరిగే పెద్ద పోటీకి వెళ్తారు. మూడూళ్లకూ కలిపి ఉన్నది ఒక్కటే చోటు. ఆ చోటు కోసం మిగిలింది ఇద్దరు, సరళ, ధర్మేందర్.

బస్సులో సరళకు కాలు నిలవలేదు. కిటికీ సీటు కావాలంది, ఎండ కొడుతోందని ఇవతలికి మారింది, మళ్లీ అటే వెళ్లింది. చేతులు మాత్రం ఒళ్లోని కార్డులు కలుపుతూనే ఉన్నాయి.

"జర కుదురుగ కూసోవే," అంది పక్కనున్న రూమ్మేట్ ప్రశాంతి. "పరీక్షలప్పుడు గూడ నీకు గింత పరేషాన్ లేకుండె."

"ఇయ్యాల ఓడిపోతే, ఏడాది గెలిసిందంత లక్కే అంటడు."

"గెలిస్తే?"

"గెలిసినా లక్కే అంటడు!"

అంటూ కిటికీలోంచి బయటికి చూస్తూనే కట్ చేసి, "బ్లాక్ డ్రాగన్," అంది. ప్రశాంతి తిప్పి చూసింది. అదే. మళ్లీ కలిపించింది. మళ్లీ అదే. నాలుగోసారి కూడా అదే వచ్చేసరికి ప్రశాంతి ఆ కార్డును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసింది.

"ఇది మందంగున్నదేందే?"

సరళకు అప్పుడు గుర్తొచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని కూతురి పెళ్లి కార్డు అది. అటక మీదున్న వాటన్నిటిలోకీ ఖరీదైనది. గొప్ప కార్డుకు గొప్ప అట్ట ఉండాలని ముచ్చటపడి దానికే వాడింది. ఏడాదిగా కట్ చేసి చేసి ఆమె బొటనవేలు ఆ మందాన్ని నేర్చేసుకుంది. వేలికి తెలిసిన సంగతి ఆమెకు తెలియలేదు, అంతే.

లక్కు కాదని ఏడాదిపాటు అందరితో కొట్లాడింది. నిజంగానే లక్కు కాదు. తెలివి కూడా కాదు. మరి దీన్నేమనాలి? సిగ్గుపడుతూనే సంగతి ప్రశాంతికి చెప్పింది.

"ఎవ్వరికి తెల్వదు. నోర్మూసుకొని ఆడు," అంది ప్రశాంతి.

"నాకు తెల్సింది గదనే."

కట్ చేసే అవసరమే రాకుండా గెలవాలనుకుంది సరళ. ట్యూషన్ సెంటర్ మేడ మీద, పాతికమంది చుట్టూ నిలబడి చూస్తుండగా, ప్రాణం పెట్టి ఆడింది. అయినా రెండు కోటలు పోయాయి. ధర్మేందర్‌కూ మిగిలింది ఒక్కటే. డ్రాగన్ వస్తే ఆట ఖతం. కట్ట మీద చెయ్యి వేసింది. బొటనవేలు తనంతట తానే వెళ్లి సరిగ్గా అక్కడే ఆగింది. హైదరాబాద్ వెళ్లాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో ఆ క్షణంలోనే తెలిసొచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అన్నా, నేను కట్ చెయ్యను. నా కట్టల తేడా ఉన్నది. డ్రాగన్ అట్ట మందంగున్నది, చేతికి తెలుస్తది. ఇయ్యాలనే బస్సుల చూసిన."

గుంపులో గోల లేచింది. ఆమెను ఆటలోంచి తీసేయమన్నారు కొందరు. ధర్మేందర్ ఆ కట్ట అందుకుని, కళ్లు మూసుకుని కట్ చేశాడు. డ్రాగన్. కలిపి ఇంకోసారి చేశాడు. డ్రాగన్.

"ఏడాది సంది లెక్కలేస్తున్న," అన్నాడు. "ఎట్ల వస్తున్నదో సమజ్ గాక లక్కని సరిపెట్టుకున్న. నా డబ్బల అసలు కార్డులున్నయ్. అవ్వే పంచుకొని మళ్ల ఆడుదం. కట్ చేసుడు లేదు."

"ఎందుకు? నువ్వు గెలిసినట్టే గద అన్నా."

"నీకు ఆట వచ్చో రాదో నాకు గూడ తెల్వాలె."

అసలు కార్డులు నున్నగా, అన్నీ ఒకే మందంగా ఉన్నాయి. కార్డు కార్డుకూ ఆలోచించుకుంటూ గంటసేపు ఆడింది సరళ. ఒక కోట పోయాక, రెండోదాన్ని కావాలనే కాపలా లేకుండా వదిలి ఎర వేసింది. ధర్మేందర్ అంతటివాడు సైన్యాన్నంతా దాని మీదికి తోలాడు. అతను తేరుకునేలోపు అతని రెండు కోటలు కూల్చేసింది. ఇద్దరికీ ఒక్కో కోట మిగిలింది. అతని చేతిలో కార్డు లేదు, కట్టలో తొమ్మిదే ఉన్నాయి. అందులో పిడుగు కార్డు ఒక్కటే అతన్ని కాపాడగలదు. అది రాకపోతే తర్వాతి ఎత్తుకు గెలుపు సరళదే.

ధర్మేందర్ పైకార్డు తీశాడు. చాలాసేపు దాన్నే చూసి, మెల్లగా బల్ల మీద పెట్టాడు.

పిడుగు. సరళ చివరి కోట కూలింది.

అందరూ అతని వీపు చరుస్తున్నా అతను నవ్వలేదు. "తొమ్మిదింట్ల ఒకటి," అన్నాడు. "ఆట నీది సరళా. లక్కు నాది."

"పోయి రా అన్నా, మంచిగ ఆడు," అని గబగబా మెట్లు దిగింది సరళ. బస్టాండుకు వచ్చేదాకా ఏడుపు బిగబట్టింది గానీ ఇక తన వల్ల కాలేదు.

"ఏడాది సంది ఆ మాట కోసమే కొట్లాడితివి గదనే," అంది ప్రశాంతి, చున్నీ అంచు అందిస్తూ. "అన్నడు గద. ఇగ ఎందుకేడుస్తవ్?"

"ఆ మాట నాకిచ్చిండు," అంది సరళ వెక్కుతూ. "హైదరాబాదుకు ఆయన పోతుండు."